ధవళజటుడు చూపించిన బోరు

మా మేనమామ గోవిందప్ప చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, నేను ఒక్క మాటతో ఎండబెట్టబోయిన సంగతి ఇప్పుడు మీకు చెప్తాను. గొడ్డలి పట్టలేదు, నిప్పు పెట్టలేదు. ఒక్క మాట అన్నానంతే. అదీ నాటకంలో మాట. పైగా చాలా అందమైన మాట. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని పెద్దలన్నారు గానీ, నోరు మరీ మంచిదైతే ఊరు ఏమవుతుందో చెప్పకుండానే పోయారు. నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ముచ్చట. కంబదూరు దగ్గర మా ఊరు. నాకు పంతొమ్మిదేళ్ళు. కళ్యాణదుర్గంలో ఇంటర్ పరీక్షలు సెప్టెంబరులో ఇంకోసారి రాసి వచ్చి, ఫలితాల కోసం ఎదురుచూస్తున్నానని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఫలితాలు వచ్చి చాలా రోజులైన సంగతి మా అమ్మకు తెలియదు. ఆ ఖాళీలో ఊరికే ఉండకుండా 'ఏడు కోటల యుద్ధం' అనే మహా నాటకం రాసి పారేశాను. అందులో రాజులున్నారు, రాక్షసులున్నారు, ఎగిరే గుర్రం కూడా ఉండేది. దాన్ని ఎగరేయడం ఎలాగో తెలియక దానికి జ్వరం తెప్పించి మూడో అంకంలో చంపేశాను.

వాళ్ళందరిలోకీ గొప్పవాడు ధవళజటుడనే ముసలి మాంత్రికుడు. తెల్లటి జడలు, బొడ్డుదాకా గడ్డం, చేతిలో వంకర కర్ర. ఈయన మంత్రాలు వేసేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఎటు పోవాలో తెలియక సేనలన్నీ నిలబడిపోతే ఈయన వచ్చి ఒక మాట అంటాడు. అది ఎవరికీ అర్థం కాదు. అందుకని అందరూ తలూపుతారు. పూలదారి వదిలి ముళ్ళదారి పడతాడు, పట్టుపరుపు వదిలి బండ మీద పడుకుంటాడు, చివరికి ఆయన చేసిందే సరైనదని తేలుతుంది. తేలక ఏం చేస్తుంది లెండి, రాసేవాణ్ణి నేనే కదా!

రాసి ఊరుకుంటే గొడవ లేకపోయేది. ఆ వేషం నేనే వేయాలని నిర్ణయించుకుని, అలవాటు కావాలని ఇంట్లో కూడా ఆయనలాగే మాట్లాడడం మొదలుపెట్టాను.

"రేయ్ తిప్పేస్వామీ, బియ్యం అయిపోయినాయి. అంగడికి పోయి రారా" అనేది మా అమ్మ.

"ఖాళీ కుండలోనే కదమ్మా గాలి పాట పాడేది" అనేవాణ్ణి కళ్ళు సగం మూసి.

"ఏమన్నావు?"

"నిండిన కుండకు పాట రాదు."

"నీకు మాపటికి సంగటి కూడా రాదు, పో!"

నా స్నేహితుడు ఓబుళేశు ఇంకా మోటు మనిషి. ఒకరోజు పొద్దున్నే ఎదురై, "యాడికి పోతాండావురా?" అన్నాడు.

"పోయేవాడికి దారి తెలియదు ఓబుళేశూ. దారికే పోయేవాడు తెలుసు."

"చేతిలో చెంబు కనపడతాండాది కదరా. చెరువుకట్టకు పోతాండా అని చెప్తే నీ సొమ్మేం పోతాది?"

జ్ఞానులకు ఇలాంటి అవమానాలు మామూలే అని సరిపెట్టుకున్నాను.

నాటకం ఉగాది మర్నాడు సాయంత్రం బడి ముందర వేశాం. పెట్రోమాక్సు లైటుకు చందా పోగు కాలేదు కాబట్టి ఎండ ఉండగానే ముగించాలి. కిత్తనారతో గడ్డం, తుమ్మ కట్టెతో మాయదండం. ఆ గడ్డం దురద గురించి చెప్పబోతే ఇంకో పుస్తకమవుతుంది. ఐదో అంకంలో రాజ్యమంతా కరువు. ప్రజలు పచ్చటి చెట్టు కింద బావి తవ్వుదామంటారు. మాంత్రికుడు వాళ్ళను ఆపి, స్టేజీకి ఇటు కొసన బోడిగా ఉన్నచోటికి నడిచి, దండంతో నేల మీద కొట్టి నీళ్ళు రప్పిస్తాడు.

పాఠకులారా, ఆయన బోడిచోటికి ఎందుకు నడిచాడో మీకు మాత్రం చెప్తాను, మనసులో పెట్టుకోండి. పచ్చచెట్టు బొమ్మ గీసిన గుడ్డ అటు చివర గోడకు ఆనించి కట్టి ఉంది. దాని వెనక మనిషి పట్టడు. ఇటు చివర దుప్పటి వెనక మాత్రం ఓబుళేశు నీళ్ళ బిందెతో కూర్చోగలడు. అదీ అసలు కారణం. కానీ మాంత్రికుడు అలా చెప్తే బాగుండదు కదా. అందుకని ఒక మాట రాశాను:

"పచ్చగా ఉన్న నేల తన నీళ్ళు తానే తాగేసింది. ఎండిన నేల దాచిపెట్టుకుంది. తవ్వితే ఇక్కడ తవ్వండి!"

అని దండం కొట్టగానే ఓబుళేశు బిందె వంచాడు. నీళ్ళు జలజలా పారి ముందు వరసలో కూర్చున్నవాళ్ళ కాళ్ళు తడిపాయి. అది వరసగా మూడో కరువు సంవత్సరం. నీళ్ళు చూసి జనం ఈలలు వేశారు, గోల చేశారు. ఒక ముసలమ్మ అయితే లేచి చెంబు పట్టింది. ఆడవాళ్ళ వరసలో మామ కూతురు సరోజ చప్పట్లు కొడుతూ కనిపించింది. మా ఇళ్ళల్లో మేనమామ కూతురంటే ఉయ్యాల్లోనే పెళ్ళి మాట అయిపోతుంది. ఆ పిల్ల అప్పటిదాకా నన్ను ఏనాడూ మెచ్చుకున్నది లేదు. మరి నా తల తిరగదా, మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున మామ మా ఇంటికొచ్చాడు. ఆయన తోట సంగతి ఇక్కడ చెప్పాలి. నాలుగేళ్ళ కిందట వేసిన చీనీ చెట్లు. ఆ ఏడే మొదటి పూత. సరిగ్గా అప్పుడే బావి అడుగంటిపోయింది. ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతున్నాయి. మామ పాడి ఎనుమును, ఉన్న ఒక్క గేదెను, అమ్మేసి ఒక బోరుకు సరిపడా దుడ్లు చేసుకున్నాడు. ఒక్క బోరుకే. ఇంకోటి వేయాలంటే ఇంకో ఎనుము లేదు. నీళ్ళు పడితే తోట, పడకపోతే కట్టెలు.

"బోరు లారీ రేపు వస్తాంది అల్లుడా" అన్నాడు. "టెంకాయ ఎర్రిస్వామి వచ్చి పాయింటు చూసి పోయినాడు. వంక పక్కన కానుగ చెట్ల కాడ వేయమన్నాడు."

ఎర్రిస్వామి తాత మా చుట్టుపక్కల నీళ్ళు చూసే పెద్దమనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట టెంకాయ దానంతటదే నిటారుగా లేచి నిలబడుతుంది. లేవకపోతే ఆయన చెయ్యి కొంచెం సాయం చేస్తుందని గిట్టనివాళ్ళంటారు.

"మంచిదే కదా మామా" అన్నాను.

"మంచిదేమో. కానీ నిన్న నువ్వొక మాటంటివే, పచ్చని చోటు తాగేసింది, ఎండిన చోటు దాచుకుంది అని. నాటకమని నాకూ తెలుసులేప్పా, ఓబుళేశు గాని మోకాలు దుప్పటి కింద కనపడతానే ఉండె. కానీ ఆ మాట పట్టుకునిందిరా నన్ను. నిజమే కదా? ఆ కానుగ చెట్లు అంత పచ్చగా ఉండాయంటే ఉన్న నీళ్ళన్నీ అవే తాగి ఉండవా?"

ఇక్కడ నేను చేయాల్సింది చాలా చిన్న పని. "మామా, అటుపక్క బిందె పట్టదని అలా రాసినా" అంటే సరిపోయేది. మామ నవ్వి, టీ తాగి, వెళ్ళిపోయేవాడు. అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే మామ వెనకాల వాకిట్లో సరోజ కనిపించింది. అమ్మకు చింతపండు ఇవ్వడానికి వచ్చి, నేనేమంటానో అని తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకేముంది, నా కళ్ళు వాటంతటవే సగం మూసుకున్నాయి.

"నేలకు నోరు లేదు మామా. వినేవాడికి చెవి ఉండాలి" అన్నాను.

"అంటే?"

"నడువు. చూపిస్తా."

అమ్మ వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చింది. "అన్నా, నీకేమన్నా పిచ్చా? వీడు చెప్పేది వింటావా? వీనికి మన ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదో తెలీదు, భూమిలో నీళ్ళు తెలుస్తాయా?"

"ఊరుకోమ్మా. చదువుకున్నోడు" అన్నాడు మామ. నా ఫలితాలు ఆయనకూ తెలియవు.

తుమ్మకట్టె పట్టుకుని తోటకు పోయాను. ఇసక తేలిన వంక పక్కన కానుగ చెట్ల నీడలో చల్లగా ఉంది. నాకూ అక్కడే నిలబడాలనిపించింది. కానీ ధవళజటుడు ఏనాడైనా చల్లటిచోట నిలబడ్డాడా? తోట పైకొసన గుండ్లు తేలిన మిట్ట ఒకటుంది. గడ్డి కూడా మొలవదు, తొండలు సైతం పరుగెత్తుకుంటూ దాటిపోతాయి. అక్కడికి ఎక్కి, గాలికి అంగీ ఎగురుతుంటే, కట్టె ఠంగున కొట్టాను. కింద బండ మోగింది.

"ఈడ!" అన్నాను.

మామ దణ్ణం పెట్టాడు. నేను ఆశీర్వదించాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఆశీర్వదించిన చెయ్యిని నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు తమిళనాడు నుంచి బోరు లారీ వచ్చింది. దాని వెనక ఊరంతా వచ్చింది. మా వైపు బోరు వేయడమంటే జాతరే. ఒక ఆచారం కూడా ఉంది. పాయింటు చూపిన మనిషి పూజ చేసి, నీళ్ళు పడేదాకా బోరు పక్కనే కూర్చోవాలి. పడితే మొదటి నీళ్ళు ఆయన కాళ్ళ మీద పోసి కొత్త పంచె కప్పుతారు. పడకపోతే ఏం కప్పుతారో ఎవరూ పైకి చెప్పరు. ఎర్రిస్వామి తాత కూడా టెంకాయ చంకలో పెట్టుకుని వచ్చి ఎదురుగా గుండు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా చిన్నసామీ, టెంకాయ లేకుండానే చూసినావంటనే?"

"టెంకాయ చేతిలో ఉంటుంది తాతా. జ్ఞానం తలలో ఉంటుంది."

"అట్లనా? టెంకాయలో అయితే నీళ్ళన్నా ఉంటాయి నాయనా."

జనమంతా నవ్వారు. నేను నవ్వలేదు. మాంత్రికులు నవ్వరు.

బోరు మొదలైంది. చెవులు చిల్లులు పడే శబ్దం. బండపొడి తెల్లగా మబ్బులాగా లేచింది. గాలి అంతా నా వైపే. కాసేపటికి నా జుట్టు, కనుబొమ్మలు, ఎక్కడెక్కడో రెండు వెంట్రుకలుగా ఉన్న గడ్డం, అన్నీ ధవళమైపోయాయి. నాటకంలో కిత్తనార కట్టుకున్నా అంత బాగా కుదరలేదు. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. దుమ్ము తప్ప తేమ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు చూడండి, వాళ్ళు అదృష్టవంతులు. మాకు ఎలుక కూడా రాలేదు.

మామ ఇందాకటి నుంచీ దుమ్మును పిడికిట పట్టుకుని పిసికి చూస్తున్నాడు. "అల్లుడా, తడి తగలలేదే."

"ఓపిక నీళ్ళకు తోబుట్టువు మామా."

ఇంకో రాడ్డు దిగింది. "అల్లుడా, అడుగడుక్కీ దుడ్లు పోతాండాయి కదప్పా."

"పోయేది పోతేనే వచ్చేది వస్తుంది."

మామ నా ముఖం వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నమ్మకంగా చూశాడు. అప్పటిదాకా అది నాకు నాటకమే. ఆ ఎండిపోతున్న ఆకులు, అమ్ముడుపోయిన ఎనుము, పిడికిట్లో దుమ్ము పట్టుకున్న మామ, ఇవేవీ నేను రాసినవి కావని అప్పుడు తెలిసింది. లేచి పారిపోదామనుకున్నాను. కానీ కూర్చున్నవాడు లేవకూడదని ఆచారం కదా, పాడు ఆచారం!

మధ్యాహ్నానికి సరోజ బోరు పనివాళ్ళకు సంగటి, ఊరుబిండి, నెత్తిన బిందెతో నీళ్ళు తెచ్చింది. మిషను ఆపారు. లారీ మేస్త్రి, నల్లగా దుక్కలాగా ఉన్న తమిళాయన, గటగటా రెండు చెంబులు తాగి మూతి తుడుచుకున్నాడు.

"అమ్మా, నీల్లు ఎంత తీపి! కుళాయి నీల్లా?"

"కుళాయి యాడిదన్నా మాకు? చెలమ నీళ్ళు."

"చెలమ అంటే?"

"ఇసకలో చేత్తో గుంత తీస్తే ఊరుతాయి చూడు, అవి."

"ఎక్కడ?"

సరోజ చెయ్యి చాచి కిందకు చూపించింది. "అదో, ఆ కానుగ చెట్ల కింద. వంకలో."

మేస్త్రి ఆ కానుగ చెట్ల వైపు చూశాడు. తర్వాత నల్లబండ మీద నిలబడిన తన లారీ వైపు చూశాడు. తర్వాత మామ వైపు చూశాడు.

"పెద్దాయనా, చేత్తో తీస్తే అక్కడ నీల్లు వస్తుంది. మీరు ఇక్కడ మిషను పెట్టి రాయి ఎందుకు కొడతారు?"

ఊరు ఊరంతా నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఓబుళేశు ఒక్కడే ముందుకొచ్చి, స్నేహితుడు కదా, తనకు చేతనైన సాయం చేశాడు.

"ఒరేయ్ తిప్పేస్వామీ, నాటకానికి నేను తెచ్చిన బిందెడు నీళ్ళు కూడా ఆ చెలమవేరా!"

అదీ సంగతి. 'పచ్చని నేల నీళ్ళు తాగేసింది' అని నేను గొంతు చించుకుంటున్నప్పుడు ముందు వరస కాళ్ళు తడిపింది ఆ పచ్చని నేల నీళ్ళే. ధవళజటుడు నోరు తెరిస్తే దుమ్ము రాలింది.

"మామా" అన్నాను. "నాకేం తెలీదు. అటుపక్క బిందె పట్టదని ఆ మాట రాసినా."

ఆ నాటకం మొత్తంలో అర్థమయ్యే మాట అదొక్కటే. మామకు వెంటనే అర్థమైంది. పైపంచె విసిరేసి, "ఇంక చాలప్పా! చాలు! లారీ కిందికి దించండి!" అని అరిచాడు. ఇంకా కొన్ని అడుగులకు సరిపడా దుడ్లు మిగిలాయి. ఎర్రిస్వామి తాత లేచి పంచె దులుపుకుని, నన్ను తోసుకుంటూ ముందు నడిచాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. బోరు గుంత ఆరంగుళాలే కాబట్టి నేను బతికిపోయాను.

కానుగ చెట్ల కాడ బోరు దించిన కాసేపటికి పొడి తడిసింది, బురదయింది, పొద్దు వాలేలోపు నీళ్ళు ఎగజిమ్మాయి. మరీ ఏరులేమీ పారలేదు గానీ తోటకు సరిపోయే నీళ్ళే. మామ ఆ బురదలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మొదటి నీళ్ళు ఎర్రిస్వామి తాత కాళ్ళ మీద పోశారు, కొత్త పంచె ఆయనకు కప్పారు. దుమ్ముతో తెల్లగా నిలబడిన నన్ను చూసి మా అమ్మ ఏం కప్పిందో వేరే చెప్పాలా? గరిటె ఇంటిదగ్గర మరిచిపోయి రాలేదు మా అమ్మ.

తిడతాడనుకున్న మామ తిట్టలేదు. నా దగ్గరకొచ్చి, "ముఖం కడుక్కో అల్లుడా. నీళ్ళుండాయి ఇప్పుడు" అన్నాడు. రెండు తిట్లు తిట్టి ఉంటే మనశ్శాంతిగా ఉండేది.

రెండేళ్ళ తర్వాత ఆ తోటలోనే పందిరి వేసి సరోజకూ నాకూ పెళ్ళి చేశారు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, చాలా రోజులుగా లోపల తొలుస్తున్న ప్రశ్న అడిగేశాను.

"రోజూ ఆ చెలమ కాడికి పోయి నీళ్ళు తెచ్చేదానివి కదా. ఆ పొద్దు మా ఇంటి తలుపు కాడ నిలబడి అంతా విన్నావు. ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదా. నన్ను ఏడిపించాలనా?"

సరోజను బతిమాలితే చెప్పింది.

"లేదు బావా. ఆ పొద్దు కూడా చెలమ కాడికి పోయినా. ఇసక తీస్తే నీళ్ళూరతాండాయి. చేత్తో ముంచుకుంటానే, 'పాపం, ఈడ నీళ్ళు అయిపోయినాయంట' అనుకున్నా. నువ్వంత బాగా చెప్పినావు మరి."

నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టుకుని నీళ్ళు లేవని నమ్మిందంటే, ఆ మాటను ఏమనాలి? రాక్షసులను నేను ఎందరినో రాశాను, ఏ ఒక్కడూ నన్ను అంతగా భయపెట్టలేదు.

అందుకని, చదువరులారా, ఆ రోజే స్నానం చేసి, తూర్పు తిరిగి, చీనీ చెట్టును ముట్టుకుని భీషణమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను: "ఇకమీద నా నాలుక మీద తేనె రాయను, మాటకు పట్టుబట్ట కట్టను. చూసింది చూసినట్టు, తెలియంది తెలియనట్టు చెప్పి, మట్టిలాగా బతుకుతాను!"

సరోజ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొత్తం విన్నది.

"ఇది కూడా శానా బాగుండాది బావా" అంది. "అందుకే నమ్మను."